పంక్చరు కనిపించదు, గాలి మాత్రం దిగిపోతుంది: ఎందుకు? ఎలా?

ప్రశ్న: మా కారు ముందు ఎడమ టైరులో వారం తిరిగేసరికి గాలి తగ్గిపోతోంది. షాపులో చూపిస్తే మేకూ లేదు, పంక్చరూ లేదు అంటున్నారు. గాలి కొట్టించుకుని వస్తే మళ్లీ వారానికి అదే పరిస్థితి. ఎందుకిలా జరుగుతుంది? కారణం ఎలా కనిపెట్టాలి?

జవాబు: కారున్న ఇళ్లలో చాలామందిని వేధించే ప్రశ్న ఇది. టైరులో గాలి దారి చేసుకోకుండా బయటికి పోదు. ఆ దారి మరీ సన్నగా ఉండటంవల్ల ఒక్క చూపుకు దొరకడం లేదు, అంతే. నిదానంగా పోయే గాలిని నిదానంగానే వెతకాలి. ముందు కొలవాలి, తర్వాత తడపాలి, ఆపైన కాసేపు ఆగి చూడాలి. ఈ మూడూ వరసగా చేస్తే దొరకని లీకు అరుదు.

అసలు అది లీకేనా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఏ లోపమూ లేని టైరులో కూడా గాలి కొంత తగ్గుతుంది. కొత్త కుండ నీళ్లను చెమర్చినట్టు రబ్బరు కూడా గాలిని అణువణువుగా బయటికి వదులుతూనే ఉంటుంది. దాన్ని వీలైనంత ఆపడానికి ట్యూబ్‌లెస్ టైరు లోపలివైపు బ్యూటైల్ జాతి రబ్బరుతో ఒక పొర వేస్తారు. ఆ పొర ఉన్నా నెలకు ఒక పీఎస్‌ఐ దాకా తగ్గడం మామూలే. షాపులో ‘ముప్పై రెండు పెట్టు’ అంటామే, ఆ అంకె పీఎస్‌ఐలోనే.

రెండోది వాతావరణం. గాలి చల్లబడితే దాని ఒత్తిడి పడిపోతుంది. కారు టైర్లలో సుమారు 6 డిగ్రీల సెల్సియస్ తేడాకు ఒక పీఎస్‌ఐ మారుతుంది. 40 డిగ్రీల ఎండలో 32 పెట్టిన టైరును 15 డిగ్రీల చలిలో కొలిస్తే 28 దగ్గర కనిపిస్తుంది. ఒక్క బుడగ గాలి కూడా బయటికి పోకుండానే నాలుగు పీఎస్‌ఐ తగ్గినట్టన్నమాట. ఆదిలాబాద్ లాంటిచోట డిసెంబరు తెల్లవారుజామున ఇది బాగా తెలుస్తుంది. అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు చలికాలం మొదటి చల్లటి ఉదయాన డాష్‌బోర్డు మీద టైరు గుర్తు వెలగడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే.

మూడోది మనం కొలిచే వేళ. హైవే మీద నడిపి వచ్చిన టైరు వేడెక్కి ఉంటుంది. అప్పుడు బంకులో 32 చూపించినా, చల్లారిన టైరులో నిజంగా ఉండేది అంతకంటే మూడు నాలుగు తక్కువే. మర్నాడు పొద్దున కొలిచి ‘రాత్రికి రాత్రే పోయింది’ అనుకుంటాం.

వీటిని వేరుచేయడానికి సులువైన సూత్రం ఒకటుంది. నాలుగు టైర్లలోనూ ఇంచుమించు సమానంగా తగ్గితే అది లీకు కాదు. ఒక్కదానిలోనే మిగతావాటికంటే ఎక్కువ తగ్గితే అది లీకు.

ఎలా కొలవాలి?

కంటితో చూసి చెప్పడం కుదరదు. రేడియల్ టైరు గాలి సరిగ్గా ఉన్నప్పుడు కూడా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తుంది. నాలుగైదు పీఎస్‌ఐ తగ్గినా ఆ ఉబ్బులో తేడా పట్టడం కష్టం. బంకుల్లోని మీటర్లు కూడా ఒకదానితో ఒకటి సరిపోలవు. అందుకే సొంతానికి ఒక చిన్న గేజీ కొనుక్కోండి. అది ఒక పీఎస్‌ఐ ఎక్కువో తక్కువో చూపించినా ఫర్వాలేదు. ప్రతిసారీ అదే గేజీతో కొలవడం ముఖ్యం.

కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, ఎండ తగలకముందే కొలవాలి. పొద్దున లేవగానే అయితే మేలు. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలివైపో కంపెనీ చెప్పిన అంకె అంటించి ఉంటుంది. నాలుగింటిలోనూ ఆ అంకె పెట్టండి. మూడో రోజున, ఏడో రోజున అదే వేళకు నాలుగూ కొలిచి రాసుకోండి. ఆ కాగితం చూస్తే లీకు ఏ టైరుదో, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. షాపుకు వెళ్లినప్పుడు ‘గాలి ఆగట్లేదు’ అనడంకంటే ‘వారంలో మూడు పోతోంది, మిగతావాటిలో పోవడం లేదు’ అంటే మెకానిక్ వెతికే తీరే మారిపోతుంది.

షాపులో ఎందుకు దొరకలేదు?

దీనికి జవాబు లెక్కలో ఉంది. చిన్న కారు టైరులో సుమారు 25 లీటర్ల చోటుంటుంది. ఒక పీఎస్‌ఐ తగ్గిందంటే, బయటి ఒత్తిడిలో కొలిస్తే, దాదాపు 1.7 లీటర్ల గాలి పోయినట్టు. వారానికి మూడు పీఎస్‌ఐ చొప్పున పోతుంటే మొత్తం ఐదు లీటర్లు. దాన్ని వారంలోని నిమిషాలకు పంచితే నిమిషానికి అర మిల్లీలీటరు వస్తుంది. ఆ గాలంతా ఒకేచోటి నుంచి వస్తే మూడు మిల్లీమీటర్ల బుడగలు నిమిషానికి ముప్పై పైచిలుకు లేస్తాయి, చూసేవాడికి దొరుకుతుంది. కానీ నెలకు మూడు పోయే టైరులో నిమిషానికి ఎనిమిదో తొమ్మిదో బుడగలే. అవి కూడా టైరు అంచు పొడవునా అక్కడొకటి ఇక్కడొకటిగా చీలిపోతే, చక్రాన్ని నీళ్ల తొట్టిలో గిర్రున తిప్పి తీసేసే ఆ కాసేపట్లో ఏం కనిపిస్తాయి? షాపతనికి పని రాక కాదు. ఆ పరీక్షకు ఇచ్చిన సమయమే చాలలేదు.

గాలి ఎక్కడినుంచి పోతుంది?

ముఖ్యంగా వెతకాల్సిన చోట్లు నాలుగు.

మొదటిది వాల్వు. దాని లోపల స్ప్రింగు మీద పనిచేసే చిన్న పిన్ను ఉంటుంది. దాని కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా, పిన్ను కాస్త వదులైనా గాలి పోతూనే ఉంటుంది. వాల్వు గొట్టం రబ్బరుదైతే, ఎండకు, వయసుకు దాని మొదట్లో సన్నటి పగుళ్లు పడతాయి. పగుళ్లు మామూలుగా మూసుకుని ఉండి, గొట్టాన్ని పక్కకు వంచినప్పుడే తెరుచుకుంటాయి. టైర్లు మార్చినప్పుడు వాల్వులు మార్చకుండా పాతవే ఉంచేసిన కార్లలో ముందు అనుమానించాల్సింది వీటినే.

రెండోది నేలను తాకే భాగం. సన్నటి తీగముక్క, స్క్రూ, గాజుపెంకు రబ్బరులో దిగి, తన రంధ్రాన్ని తానే బిగించి ఉంచుతాయి. గాట్లలో ఇరుక్కున్న రాళ్ల మధ్య వీటిని పోల్చడం కష్టం. కారు ఆగి ఉన్నప్పుడు అసలు కారకుండా, నడుస్తూ రబ్బరు వంగినప్పుడు మాత్రమే గాలి వదిలే స్క్రూలు కూడా ఉంటాయి.

మూడోది బీడ్, అంటే టైరు రిమ్మును పట్టుకుని కూర్చునే అంచు. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపేది ఆ పట్టే. ఇనుప రిమ్ములో అక్కడ తుప్పు పడుతుంది. అల్లాయ్ రిమ్ములో పెయింటు లేచి, కింద అల్యూమినియం తెల్లటి పొడిలా మారుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని తొందరపెడుతుంది. టైరుకూ రిమ్ముకూ మధ్య గరుకు ఏర్పడి, గాలి దాని సందుల్లోంచి పాకి బయటికొస్తుంది. మేకు లేదు, పంక్చరు లేదు, గాలి మాత్రం పోతోందంటే చాలాసార్లు దోషి ఇక్కడే ఉంటుంది.

నాలుగోది రిమ్మే. గుంతలో గట్టిగా పడితే ఇనుప రిమ్ము అంచు వంగుతుంది, అల్లాయ్ రిమ్ము చీలుతుంది. దెబ్బ ఎక్కువగా కారు లోపలివైపు అంచుకు తగులుతుంది కాబట్టి బయటినుంచి చూస్తే చక్రం మెరుస్తూనే ఉంటుంది.

ఇంట్లో ఎలా వెతకాలి?

అంట్లు తోమే సబ్బు ద్రవాన్ని నీళ్లలో చిక్కగా కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. కారును సమతలం మీద నిలిపి హ్యాండ్‌బ్రేకు వేయండి. టైరులో గాలి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువగా పెట్టుకుంటే లీకు తేలిగ్గా బయటపడుతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకెను మాత్రం దాటకూడదు, పరీక్ష అయ్యాక తిరిగి తగ్గించాలి.

వాల్వు మూత తీసి నోటి దగ్గర ఒక చుక్క వేయండి. చుక్క మెల్లగా ఉబ్బితే పిన్నే దోషి. తర్వాత గొట్టం మొదలు తడిపి, దాన్ని నాలుగు వైపులా వేలితో కొద్దిగా వంచుతూ చూడండి. ఆ తర్వాత రిమ్ము, టైరు కలిసే చోట చుట్టూ ధారాళంగా కొట్టండి. కొట్టినప్పుడు లేచే నురుగు సబ్బుది, దాన్ని చూసి మోసపోవద్దు. అది అణగిపోయాక ఐదు నిమిషాలు ఆగండి. కొత్తగా ఎక్కడైనా ఆవగింజల్లాంటి తెల్లటి నురుగు గుంపుగా పేరుకుంటే అదే చోటు. ముందు టైరైతే స్టీరింగు పూర్తిగా తిప్పితే నేలను తాకే భాగం కనిపిస్తుంది. అది తడిపి చూశాక, కారును అర చుట్టు ముందుకు జరిపి మిగతాది కూడా చూడండి.

మేకు కనిపిస్తే పీకవద్దు. పీకితే నెమ్మదిగా పోయే గాలి నిమిషాల్లో పోవచ్చు. సుద్దముక్కతో గుర్తుపెట్టి, గాలి సరిచేసుకుని షాపుకు నడపండి.

లోపలివైపు అంచు ఇంట్లో కనబడదు. దానికోసం కారు కిందికి దూరవద్దు, జాకీ మీద నిలిపిన కారు కిందికి అసలే వద్దు. చక్రం విప్పించి తొట్టిలో ముంచమని షాపులో అడగండి. గాలి నిండిన చక్రం నీళ్లలో తేలుతుంది కాబట్టి దాన్ని పట్టి అదమాలి. ఒక్కో పావు భాగాన్నీ రెండు మూడు నిమిషాలు కదపకుండా నీళ్లలో ఉంచి చూడమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఆ సమయానికి డబ్బులిచ్చినా నష్టం లేదు.

దొరికాక ఏం చేయించాలి?

పిన్ను, వాల్వు అయితే కొత్తవి వేయించడమే, చిల్లర ఖర్చుతో పోతుంది. నేలను తాకే భాగంలో ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే, టైరు విప్పి లోపలినుంచి వేసే కాడ ఉన్న ప్యాచ్ మంచిది. అది రంధ్రాన్ని నింపుతుంది, లోపలి పొరనూ మూస్తుంది. పైనుంచి దూర్చే రబ్బరు పురి దారిలో గడిచిపోవడానికి సరే. టైరు పక్క గోడలో చిల్లు పడితే ఏ ప్యాచూ పనికిరాదు, టైరు మార్చాల్సిందే.

బీడ్ దగ్గర లీకైతే టైరు విప్పించి రిమ్మును తీగ బ్రష్షుతో శుభ్రం చేయించి, బీడ్ సీలరు పూయించాలి. ఇనుప రిమ్ము వంపును తీయించవచ్చు. అల్లాయ్ రిమ్ము చీలితే వెల్డింగు చేయించి హైవే ఎక్కడం మంచిది కాదు, రిమ్ము మార్చండి.

నైట్రోజన్ నింపిస్తే పోతుందా? పంక్చరు మూసే జెల్ పోయిస్తే?

గాలిలో 78 శాతం ముందే నైట్రోజన్. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఏడాదిపాటు టైర్లను పరీక్షించినప్పుడు, 30 పీఎస్‌ఐ నుంచి మామూలు గాలి ఉన్నవి సగటున 3.5, నైట్రోజన్ ఉన్నవి 2.2 తగ్గాయి. ఏడాదిలో తేడా ఒకటికి కాస్త పైన. రబ్బరు చెమర్చడాన్ని నైట్రోజన్ కొంచెం తగ్గిస్తుంది గాని, చిల్లు ఉన్న టైరుకు ఏ వాయువైనా ఒకటే. ఆ పరీక్షే ఇంకో సంగతి కూడా చెబుతోంది. అందులోని టైర్లు ఏడాది మొత్తంలో పోగొట్టుకున్నంత గాలిని, వారానికి మూడు పోయే టైరు దాదాపు ఒక్క వారంలోనే పోగొట్టుకుంటుంది.

జెల్ దారిలో చిక్కుకున్నప్పుడు ఆదుకుంటుంది. కాని అది కారణాన్ని కప్పేస్తుంది, చక్రం బ్యాలెన్సును చెడగొట్టవచ్చు, లోపల గాలి ఒత్తిడి కొలిచే సెన్సారు ఉంటే దానికి అంటుకోవచ్చు. దాన్ని నమ్ముకుని వెతకడం మానేయకూడదు.

ఇంత శ్రద్ధ ఎందుకు?

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంపులే వేడిని పుట్టిస్తాయి. నిండుగా మనుషులు, సామాను, కింద ఎండకు కాలిన రోడ్డు, పైన వేగం, ఇవన్నీ కలిస్తే లోపలి పొరలు ఊడి టైరు పేలవచ్చు. డాష్‌బోర్డు దీపం వెలగలేదు కదా అని ధీమాగా ఉండటం కూడా పొరపాటే. అమెరికా నిబంధన ప్రకారం ఒత్తిడి 25 శాతం పడిపోతే హెచ్చరిస్తే చాలు. అంటే 32 ఉండాల్సిన టైరు 24కు దిగేదాకా దీపం మౌనంగా ఉండవచ్చు. మన దేశంలో 2020లో నిబంధనలు మార్చాక, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే వ్యవస్థ, పంక్చరు సామగ్రి ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీ లేని కారులో చిన్న లీకును ఊళ్లో ఉండగానే పట్టుకోవడం మరీ అవసరం.

గాలి కొట్టించడంతో లీకు పోదు, వారం గడువు మాత్రమే దొరుకుతుంది. ఆ గడువులోనే గేజీ పట్టుకుని కొలవండి, సబ్బు నీళ్లు కొట్టి ఐదు నిమిషాలు ఆగండి, అవసరమైతే చక్రం విప్పించండి. కారణం దొరికేదాకా ఆ కారుతో దూర ప్రయాణం పెట్టుకోకండి.