ఒంట్లో రెండు చెంచాల విషవాయువు

మిర్యాలగూడ మిల్లుల్లో వంద కిలోల వడ్లు ఆడిస్తే దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే బాయిలర్లలో మండేది ఆ ఊకే. గాలి బాగా తగిలితే ఊక పూర్తిగా కాలిపోతుంది. గాలి చాలకపోతే మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసేది ఇదే. ఈ వాయువును మన ఒళ్లు కూడా రోజూ తయారుచేస్తుంది. గుండె కణాలైతే దాన్ని కబురు చెప్పడానికి వాడుకుంటాయి.

ఒంట్లోకి ఎలా వచ్చింది? ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పెద్దవాళ్ల ఐదు లీటర్ల రక్తంలో ముప్పావు కిలో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి, రోజుకు ఆరు గ్రాములకు పైగా పాతబడి విడిపోతుంది. అందులో ఇనుమును పట్టుకుని ఉండే ముక్క పేరు హీమ్. దాన్ని విడగొట్టే ఎంజైమ్ హీమ్ ఆక్సిజనేజ్. ఇనుము మళ్లీ వాడకానికి పోతుంది. మిగిలిన ఆకుపచ్చ పదార్థం బిలిరుబిన్‌గా మారుతుంది. సూర్యాపేటలోనో కోదాడలోనో కామెర్ల పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో కనిపించే బిలిరుబిన్ అదే. అది ఒక్క అణువు తయారైతే, దానితో పాటు ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు కూడా బయటికొస్తుంది. అన్నీ కలిపితే రోజుకు సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు.

మనిషి ఒంట్లోనే ఈ వాయువు పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్త షోస్ట్రాండ్ 1949 ప్రాంతంలోనే చూపించారు. చాలాకాలం దీన్ని చెత్త కిందే లెక్కేశారు. 1993లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో అజయ్ వర్మ, సాలమన్ స్నైడర్ బృందం ఇది నాడీకణాల మధ్య కబురు మోసే అణువు కావచ్చని ప్రతిపాదించాక చూపు మారింది.

కబురు అంటే ఏమిటి? సాగర్ ఎడమ కాలువ తూము దగ్గర నీళ్లు వదిలే లష్కర్‌ను గుర్తుచేసుకోండి. అతను షట్టరును కాస్త తిప్పితే చాలు, ఎకరాలకు ఎకరాల్లో నీటి లెక్క మారిపోతుంది. గుండె కణం గోడలోనూ ఇలాంటి తూములున్నాయి. కొట్టుకున్న ప్రతిసారీ ఒక రకం తూముల్లోంచి కాల్షియం లోపలికొచ్చి కణాన్ని బిగిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆ కాల్షియం రాకను తగ్గిస్తుందని ప్రయోగశాలలో తేలింది. రక్తనాళాల గోడల్లోని కండర కణాల్లో ఇది పొటాషియం తూములు తెరుస్తుంది, దాంతో నాళం సడలుతుంది. ఆక్సిజన్ కరువైనా, మరో ఒత్తిడి వచ్చినా గుండె కణం హీమ్ ఆక్సిజనేజ్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. గుండెలో ఈ ఎంజైమ్ ఎక్కువుండేలా పెంచిన ఎలుకల్లో, రక్తం ఆగి మళ్లీ పారినప్పుడు జరిగే నష్టం తగ్గింది. ఆ మేలంతా వాయువుదే అనలేం. బిలిరుబిన్‌కూ కణాన్ని కాపాడే గుణం ఉంది.

అయితే పొగ పీల్చడం గుండెకు మంచిదేనా? కానే కాదు. ఇక్కడే లెక్క జాగ్రత్తగా చూడాలి. మన రక్తమంతా కలిపి పట్టగలిగే కార్బన్ మోనాక్సైడ్ సుమారు ఒక లీటరు. పొగ తాగనివాళ్ల రక్తంలో మామూలుగా ఉండేది అందులో సుమారు ఒక శాతం, అంటే దాదాపు రెండు చెంచాలు. పావు లీటరు, అంటే ఒక గ్లాసెడు చేరితే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు. అర లీటరు దాటితే స్పృహ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. ఎందుకంటే ఇది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీటు పట్టినవాడు ఎంతకీ దిగకపోతే ఎక్కాల్సినవాళ్లు రోడ్డు మీదే నిలబడాల్సి వస్తుంది కదా, అలాగన్నమాట. మిగతా ఒళ్లు సగటున రక్తంలోని ఆక్సిజన్‌లో పావు వంతు తీసుకుంటే, గుండె మాత్రం మనం విశ్రాంతిలో ఉన్నప్పుడే 70 శాతం దాకా వాడేస్తుంది. కరువొస్తే ఇంకా లాక్కోవడానికి దానికి మిగిలేది తక్కువ. పైగా మోతాదు పెరిగితే గుండె కణాల్లోని సోడియం తూములు మూసుకోవాల్సిన వేళకు మూసుకోక, లయ తప్పే ప్రమాదమూ ఉందని ఎలుకల మీద పరిశోధనలు చెప్పాయి.

దీన్ని మందుగా వాడొచ్చా అంటే, కొలిచిన మోతాదులో వదిలే పదార్థాలపై పరిశోధన జరుగుతోంది. గుండెకు మందుగా ఇంకా రాలేదు.

ఇక ఇంటి సంగతి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో 100 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ కప్పెడు చేరితేనే, గంట సేపటికి మన దేశం పెట్టిన పరిమితిని, ఘనమీటరుకు 4 మిల్లీగ్రాములను, అందుకున్నట్టే. అందుకే కుంపటి వెలిగించినా, గ్యాస్ గీజర్ వేసినా కిటికీ తీసి ఉంచాలి. హైవే పక్కన కారాపి అద్దాలు బిగించి, ఇంజిను నడుస్తుండగా నిద్రపోకూడదు.

కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరును ఈ విషయంలో నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ నిండిన రక్తంగానే చదివి 98 అని చూపించగలదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల తిరిగితే ముందు బయటి గాలిలోకి రండి. ఆసుపత్రిలో పొగ సంగతి చెప్పి, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ శాతం చూడమని అడగండి. మామూలు గాలిలో అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర చాలు.