చైను కడుపులో మురికి

లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో నేను చేసిన ఉద్యోగాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే, కడగడం అంటాను. రైలుపెట్టెల చక్రాలకుండే రోలర్ బేరింగులు విప్పడం, కడగడం, ఆరబెట్టడం, వేలితో తడిమి చూడటం, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం. రిటైరైన తర్వాత ఈ సంగతి కాలనీ పిల్లలు ఎలా పసిగట్టారోగానీ, వాళ్ల గేర్ సైకిళ్లు ఒక్కొక్కటే మా వరండా ముందు చేరడం మొదలైంది. అందరి గోలా ఒకటే. చైను నల్లబడింది, చప్పుడు చేస్తోంది, ఇంట్లో ఉన్నవాటిలో దేంతో కడగాలి?

దేంతో అన్నది తర్వాత చూద్దాం. అసలు మురికి ఎక్కడుందో ముందు తెలియాలి. చైను మీద కంటికి కనిపించే నల్లటి జిడ్డు వికారంగా ఉంటుందంతే, దానివల్ల పెద్ద నష్టం లేదు. సైకిల్ చైనులో వందకు పైగా కీళ్లుంటాయి. ప్రతి కీలులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్, దాని మీద గిరగిర తిరిగే రోలర్. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు ఈ అమరికకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచీ మూలసూత్రం మారలేదు. పిన్నుకు పిన్నుకు మధ్య దూరం అరంగుళం. మా నాన్న తొక్కిన నల్ల సైకిలుకూ అంతే, ఇవాళ పిల్లలు తొక్కే గేర్ల సైకిలుకూ అంతే. చైను అరిగేది పైన కాదు, పిన్నుకూ బుష్‌కూ మధ్య సందులో. మన గుడ్డ, మన బ్రష్షు, మన కన్ను ఏదీ ఆ సందులోకి చేరవు.

దుమ్ము మాత్రం చేరుతుంది. మాకు పక్కనే ఉన్న మౌలాలి గుట్టను చూడండి. హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఇలాంటి గ్రానైట్ బండలే, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. మామూలు ఉక్కును గీకేసేంత గట్టి ఖనిజం అది. ఇక్కడి రోడ్ల మీద లేచే దుమ్ములో ఆ రేణువులు దండిగా ఉంటాయి. నూనె తడి దొరికితే అతుక్కుంటాయి, నూనెతోపాటే సందులోకి దిగుతాయి. అక్కడినుంచి తొక్కిన ప్రతిసారీ చైను తనను తాను రుబ్బుకుంటుంది.

నమ్మకపోతే చైను కడిగిన కిరసనాయిలు ఒక గాజుసీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకల్లా అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. సీసా బయటినుంచి ఒక అయస్కాంతం ఆనించి మెల్లగా పైకి జరపండి. మడ్డిలోంచి కొంత లేచి, గాజు వెంబడే చీమలబారులా అయస్కాంతం వెనకాల నడుస్తుంది. రోడ్డు మట్టి చాలావరకు అలా నడవదు, అది ఎక్కువగా మీ చైను అరిగి రాలిన ఉక్కుపొడే. పిల్లలకు నేను ముందు ఇదే చూపిస్తాను. దీని తర్వాత ఉపన్యాసం అక్కర్లేదు.

ఒకరోజు పదో తరగతి కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో కూల్‌డ్రింకు సీసా, అందులో సగానికి పెట్రోలు.

"అంకుల్, చైన్ మస్తు చప్పుడు చేస్తుంది. ఇండ్ల నానబెడితే మురికి పోతదా?"

"పోతదిరా. ఇది ఎక్కడ పెట్టినవు ఇప్పటిదాక?"

"మా కిచెన్ల, సింక్ కింద."

"అయితే మురికితోపాటు మీ కిచెన్ గూడ పోతుండె."

పెట్రోలు జిడ్డును బ్రహ్మాండంగా వదిలిస్తుంది, కాదనను. కానీ సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా దానినుంచి అంటుకునేంత ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ పోయి ఎక్కడో స్టవ్ దగ్గరో దేవుడి దీపం దగ్గరో అంటుకుని, మంటను వెనక్కి సీసా దాకా తీసుకొస్తుంది. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్, పెయింటర్లు వాడే థిన్నర్ కూడా ఇదే జాతి. పైగా అవి సైకిల్ రంగునూ ప్లాస్టిక్ భాగాలనూ కరిగిస్తాయి. ఈ మూడూ చైను పనికి వద్దు.

కిరసనాయిలు మంచిది. ఇప్పటికీ నా ఓటు దానికే. రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని వరసలో నిలబడి నీలం రంగు కిరసనాయిలు తెచ్చుకున్న రోజులు పోయాయి కాబట్టి, దొరకనివాళ్లు రంగుల దుకాణంలో టర్పెంటైన్ తీసుకోవచ్చు, పనితనం దాదాపు అదే. కిరసనాయిలు జిడ్డును కరిగిస్తుంది, తొందరగా ఆవిరైపోదు, రంగు జోలికి పోదు. అలాగని నిర్భయంగా వాడమని కాదు. మన దేశపు ప్రమాణం ప్రకారం కిరసనాయిలు ఆవిరి 35 డిగ్రీలకు తక్కువలో అంటుకోకూడదు. అంతకుమించి ఏ హామీ లేదు. మే నెలలో లాలాగూడ మధ్యాహ్నం 40 దాటుతుంది. అందుకే వేసవిలో ఈ పని పొద్దున్నే, నీడపట్టున, ఆరుబయట చేయాలి. బీడీ కాల్చే మామయ్యలను దూరంగా కూర్చోబెట్టాలి.

మా వర్క్‌షాపు సంగతి కొంచెం చెబుతాను, ఇక్కడ పనికొస్తుంది. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ దీన్ని పెట్టింది. 1930లో రైల్వేను నిజాం ప్రభుత్వం తీసుకుంది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక దాని కిందికొచ్చింది. బోర్డు మీద పేర్లు మారాయిగానీ లోపలి మురికి అదే. రైల్వే వర్క్‌షాపుల్లో పీఓహెచ్‌కు, అంటే నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతుకు, వచ్చిన పెట్టె కిందినుంచి బోగీని, అంటే చక్రాల చట్రాన్ని, విడదీసి బాష్ ట్యాంకులో ముంచుతారు. వేడి కాస్టిక్ సోడా నీళ్ల తొట్టి అది. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, మట్టి, ఇంకా చెప్పకూడనివన్నీ అందులో వదులుతాయి. ఆ తర్వాత మంచినీళ్లతో కడుగుతారు. బేరింగులను మాత్రం ఆ తొట్టి దరిదాపులకు పోనివ్వరు, వాటి దారి వేరు, వాటి కడుగుడు వేరు. మొరటు ఇనుముకు ఒక మందు, నున్నటి కీళ్లకు ఇంకో మందు. చైను చూడటానికి మొరటుగా ఉంటుందిగానీ అది బేరింగు జాతి.

అందుకే డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే కాస్టిక్ పొడితో చైను కడిగేద్దామనే తెలివి వద్దు. ఉక్కును అది పెద్దగా ఏమీ చేయదుగానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. పాత సైకిలంతా ఇనుమే. గేర్ సైకిల్లో చైన్ వీల్, గేరు మార్చే పరికరం, చక్రం రిమ్ములు చాలావరకు అల్యూమినియం. బట్టల సోడా కూడా దాన్ని నల్లబరుస్తుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం యాసిడ్. తుప్పు పట్టిన చైను మీద బాత్రూమ్ యాసిడ్ పోస్తే నిమిషాల్లో తెల్లగా మెరుస్తుంది, చూసినవాళ్లు మురిసిపోతారు. యాసిడ్‌కూ ఇనుముకూ చర్య జరిగినప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టిపరచిన ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి పగులు కనిపించదు. ఎక్కుడు రోడ్డు మీద లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు చైను పుటుక్కున తెగుతుంది. మోకాలు హ్యాండిల్‌కు తగులుతుంది, లేదా మొహం రోడ్డుకు. మా ఆవిడ ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండుతో తోమితే పోలా అని అడిగేవాళ్లున్నారు. చింతపండు పులుపు యాసిడ్ అంత ఘోరం కాదుగానీ, కీళ్ల సందుల్లో తడితోపాటు నిలిచిపోయి కొత్త తుప్పుకు పునాది వేస్తుంది. దాన్ని పులుసుకే ఉంచండి.

గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం మంచి తోడు. కిరసనాయిలు తర్వాత రెండో విడతకు అది, వేడినీళ్లు. కిరసనాయిలు జిడ్డును కరిగిస్తే, సబ్బు ఆ కరిగినదాన్ని నీళ్లతో పోయేలా చేస్తుంది. వానాకాలంలో ఈ రెండో విడత మానేయండి, చైను ఆరదు. ఇక డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలనుంచి సందు చివరి పంక్చర్ షాపు దాకా ఎక్కడ చూసినా అదే. 1953లో అమెరికాలో రాకెట్ల తుప్పు ఆపడానికి తయారుచేశారు. నీటిని తరిమే మందు, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట, పేరులోనే ఉంది. బిగిసిపోయిన నట్టుకు భేషైనది. చైనుకు నూనె అనుకుని కొడితే మాత్రం ఉన్న నూనెను పలచన చేసి, తానూ నాలుగురోజుల్లో జారుకుంటుంది.

ఇక పని. పాతరకం సైకిలైతే చైన్ లాకు క్లిప్పును ప్లయర్‌తో జరిపి చైను ఊడదీయండి. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొస చైను పరుగెత్తే వైపుకు ఉండాలి. గేర్ చైనుకు విప్పే లింకు ఉంటే సరే, లేకపోతే పిన్ను కొట్టి తీయకండి. సన్నటి చైనుల్లో ఒకసారి బయటికొచ్చిన పిన్ను మళ్లీ అంత గట్టిగా కూర్చోదు. అలాంటప్పుడు సైకిలుకు ఉండగానే పాత టూత్‌బ్రష్ కిరసనాయిల్లో ముంచి, కింది వరస మీద రుద్దుతూ పెడలు వెనక్కి తిప్పుకుంటూ పోవాలి. అప్పుడు రెండు జాగ్రత్తలు. ఫ్రీవీల్ లోపలికి కిరసనాయిలు పోకూడదు, పోతే అందులోని గ్రీజు కడుక్కుపోయి అది వేరే పాట మొదలెడుతుంది. చక్రం రిమ్ము మీదగానీ డిస్క్ మీదగానీ చుక్క పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. ఒక మందపాటి న్యూస్‌పేపరు మడిచి చైనుకూ చక్రానికీ మధ్య దోపితే చాలు.

ఊడదీసిన చైనైతే మూతున్న వెడల్పు సీసాలో వేసి, మునిగేదాకా కిరసనాయిలు పోసి గిలకొట్టండి. మొదటి విడత తారులా వస్తుంది. వంపేసి, ఇంకో విడత కిరసనాయిలు. అది టీ రంగుకు వస్తే చాలు, నీళ్లంత తేటదనం కోసం చూడకండి. ఇప్పుడు చైనును రెండు చేతులా పట్టుకుని చెవి దగ్గర మెలితిప్పుతూ వినండి. కరకరమంటే ఇసుక ఇంకా లోపలే ఉంది. గలగలమంటే పోయింది. బేరింగులు కూడా మేం అలాగే వినేవాళ్లం, చేత్తో తిప్పుతూ.

చేతులకు గ్లౌజులు వేసుకోండి. కిరసనాయిలు చర్మంలోని నూనెను లాగేసి పగుళ్లు తెస్తుంది. మా బ్యాచ్‌వాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది.

అందరూ తొందరపడేది ఇక్కడినుంచే. కిరసనాయిలు మురికిని తీసేటప్పుడు లోపలి నూనెనూ తీసేస్తుంది. ఉక్కు ఉక్కుతో ఒట్టిగా రాసుకునే స్థితిలో ఉంటుంది చైను. లోపల కిరసనాయిలు మిగిలుండగానే కొత్త నూనె వేస్తే అది పలచబడి కారిపోతుంది. వర్క్‌షాపులో అయితే గాలిగొట్టం ఉంటుంది. ఇంట్లో పాత లుంగీ గుడ్డతో గట్టిగా తుడిచి, ఎండలో తీగకు వేలాడదీసి, పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది. మెకానిక్ షాపులో ఊరికే ఇచ్చే వాడేసిన ఇంజన్ ఆయిల్ అసలే వద్దు, ఏ పొడిని వదిలించడానికి ఇంత కష్టపడ్డామో అదే అందులో ఉంటుంది. కుట్టుమిషన్ నూనె సన్నగా సందుల్లోకి దిగుతుంది, ఎండకాలానికి సరిపోతుంది. వానలకు కొంచెం చిక్కటి కొత్త ఇంజన్ ఆయిల్ నయం. ఒక్కో రోలర్‌కు ఒక్క చుక్క, లోపలి వైపునుంచి. పెడలు కాసేపు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైన ఉన్న నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. నూనె పని లోపల. పైన మిగిలిందంతా దుమ్ముకు ఆహ్వానమే.

ఇంత శ్రమ నెలనెలా పెట్టుకోనక్కర్లేదు, పెట్టుకోకూడదు కూడా. కొత్త చైనును అసలు కడగొద్దు. ఫ్యాక్టరీలో వేడిచేసి లోపలికి పట్టించే జిడ్డును మనం ఇంట్లో మళ్లీ పట్టించలేం. వారానికోసారి పొడిగుడ్డతో చైనును పట్టుకుని పెడలు వెనక్కి తిప్పితే చాలావరకు గడిచిపోతుంది. కరకర వినిపించినప్పుడే కిరసనాయిలు.

వాడిన కిరసనాయిలు మోరీలో పోయకండి, మన మోరీలన్నీ చివరికి పోయేది మూసీకే. రెండురోజులు తేరనిచ్చి పైది వంపుకుంటే మళ్లీ మొదటి విడతకు వస్తుంది. అడుగు మడ్డిని చెత్తగుడ్డల్లో పీల్చి, ఆరుబయట ఆరనిచ్చి పొడిచెత్తలో వేయండి. తేర్చింది దాచే సీసా మాత్రం కూల్‌డ్రింకుది కాకూడదు. నీళ్లనుకునో షర్బతనుకునో చిన్నపిల్లలు తాగి ఆసుపత్రి పాలవడం మన ఇళ్లలో పాత కథే. అలా జరిగితే వాంతి చేయించకండి. కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. నేను పాత పెయింటు డబ్బాలో పోసి, పెద్దక్షరాలతో పేరు రాసి, అటక మీద పెడతాను.

ఇంకొక్కటి. కడిగే ముందే పన్నెండంగుళాల స్కేలు తీసుకుని చైనును కొద్దిగా లాగి పట్టి కొలవండి. ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెడితే, దాని తర్వాతినుంచి లెక్కపెట్టిన ఇరవై నాలుగో పిన్ను నడిమధ్య సరిగ్గా పన్నెండు దగ్గర పడాలి. అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందంటే చైను ముసలిదైంది, డబ్బు చూసుకుని ఉండండి. ఎనిమిదో వంతు జరిగితే దాన్ని కడగడానికి కిరసనాయిలు దండగ. కొత్తది కొని, పాతదాన్ని పాత సామాన్ల బండివాడికిచ్చి, ఫ్రీవీల్ పళ్లు కూడా ఒకసారి చూపించుకోండి.