బండి: ఒక మాట, పలు వాహనాలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ‘బండి’ అన్న మాట ఎడ్లబండికీ, రైలుకూ, మోటారు సైకిలుకూ, లారీకీ, కూడలిలో ఇడ్లీలు అమ్మే తోపుడుబండికీ చెల్లుతున్నా, వినేవారు తికమకపడకపోవడానికి ముఖ్య కారణం దాని పక్కన చేరే క్రియ. ‘బండి కట్టారు’ అంటే ఎడ్లను కాడికి పూన్చారని, ‘బండి తీశాడు’ అంటే మోటారు సైకిలు బయటికి తెచ్చాడని, ‘బండి పెట్టుకున్నాడు’ అంటే చిరువ్యాపారంతో బతుకుతెరువు చూసుకున్నాడని అర్థం.

వీటన్నిటికీ మూలమైన ఎడ్లబండిని ఇక్కడ నాటుబండి అంటారు. దాని చక్రంలో నడిమి దిమ్మకు ఆకులను, అనగా చుట్టూ విచ్చుకునే కర్రలను, దిగగొట్టి, వాటి కొసలకు వంపు చెక్కలు కూర్చి, ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి నీళ్లు గుమ్మరిస్తే, చల్లారుతూ ముడుచుకునే పట్టా మొత్తం చక్రాన్ని ఒక్కటిగా బిగిస్తుంది. వడ్రంగి, కమ్మరి కలిసి సాధించిన గొప్ప నేర్పు ఇది. ఈ బండే కొలతగానూ మారి, పొలానికి తోలే పశువుల ఎరువును ‘బండెడు గత్తం’ అని లెక్కించే వాడుకను ఇచ్చింది.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం జాతీయ కాంగ్రెసుపై ఉపన్యాసం దంచింది బండివాడికే, అంతా విన్న ఆ మనిషి తమ ఊరి హెడ్ కానిస్టేబులును కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేస్తారని అడుగుతాడు. ఎడ్ల నడకతో సాగే ప్రయాణంలోనే అంత తీరికైన సంభాషణకు చోటుంటుంది. దక్షిణాదిలోని ఆంగ్లేయులూ ఈ మాటను తమ భాషలో కలుపుకోగా, 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దానిని ‘బ్యాండీ’గా నమోదు చేసింది.

1893–96 మధ్య కోస్తా రైలుమార్గం ఏర్పడ్డాక పొగబండి, రైలుబండి అన్న జంటమాటలు వచ్చి, క్రమంగా ముందు మాట జారిపోయి ఒట్టి ‘బండి’ మిగిలింది. ఆ మార్గం శ్రీకాకుళం పట్నాన్ని తాకకుండా ఆమదాలవలస మీదుగా పోవడం వల్ల అక్కడి స్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అన్న పేరు స్థిరపడింది. నేటికీ ప్రయాణికులు ఒక బండి దిగి మరో బండి ఎక్కితేనే పట్నం చేరుతారు. లారీలకు పేరుపడిన సాలూరులో ఇదే మాటకు ముందుగా లారీ స్ఫురించడం సహజం.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల నోటి మాటలను జిల్లాలవారీగా భద్రపరిచింది. టైర్లబండ్లు, ట్రాక్టర్లు వచ్చాక నొగ, ఇరుసు, ఆకు, చీల వంటి మాటలు ఎరిగిన వడ్రంగులు తగ్గిపోతున్నారు గనుక, ఉత్తరాంధ్ర కళాశాలల తెలుగు శాఖలు ఆలస్యం చేయకుండా వారి వద్దకు వెళ్లి ఆ మాటలను రాసుకోవాలి.