పూత లేదు, కాయ లేదు... అయినా చెట్టే!

అనంతగిరి: మన్యంలో చెట్ల నీడ దట్టంగా ఉన్న కొన్ని గెడ్డల వెంట, గొడుగు విప్పినట్టు నిలబడిన చెట్టొకటి అక్కడక్కడ కనబడుతుంది. దూరం నుంచి చూసినవారు జీలుగు అనుకుంటారు. దీనికి కల్లూ రాదు, గెలా వేయదు. ఇది ఫెర్న్ చెట్టు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సయాథియా. నూతి రాళ్ల సందుల్లో జానెడు మొలిచే ఫెర్న్ మొక్కకు ఇది బంధువు. కాకపోతే రెండు మూడు నిలువుల ఎత్తు పెరుగుతుంది. రాక్షసబల్లులు తిరిగిన కాలానికే దీని వంశం ఉంది.

పోల్చుకోవడం కష్టం కాదు. జీలుగు ఆకు చేపతోకలా ఉంటుంది. దీనిది పక్షి ఈకలా సన్నగా చీలి ఉంటుంది. ఆకు కాడ నల్లన. కొత్త ఆకు ఏనుగు తొండం చుట్టినట్టు చుట్టుకొని వచ్చి, మెల్లగా విచ్చుకుంటుంది. మానుపై రాలిన ఆకుల మచ్చలుంటాయి. మొదలు లావుగా కనిపించినా అది చేవ కాదు, అల్లుకున్న వేళ్లే.

ముదురు ఆకు తిరగేస్తే గోధుమరంగు చుక్కలు బారులు తీరి ఉంటాయి. తెగులు పట్టిందనుకునేవారూ ఉన్నారు. తెగులు కాదు, దాని సంతానమే అది! ఆ చుక్కల్లోంచి సిద్ధబీజాలు ధూళిలా రాలతాయి. తడి నేల దొరికితే ఒక్కొక్కటి గోరంత పచ్చని రేకుగా మారుతుంది. ఆ రేకుపై నీటి పొర ఉంటేనే ఆడ, మగ కణాలు కలిసి పిల్ల మొక్క పుడుతుంది.

చిక్కంతా ఇక్కడే. గట్టు మీది చెట్లు కొట్టి ఎండ పడనిస్తే పెద్ద ఫెర్న్ కొన్నాళ్లు నిలవవచ్చు, కింద పిల్లలు మాత్రం కనబడవు. చూసేవారికి అడవి బాగానే ఉన్నట్టుంటుంది. పైగా దీనికి పెరిగే మొవ్వు ఒక్కటే. పందిరి అలంకరణకని తల నరికితే మాను పక్క చిగురు వేయడం అరుదు. 1975లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం జాబితాలో సయాథియాలున్నాయి. అనుమతి పత్రం లేకుండా వీటిని దేశం దాటించరాదు.

బడిపిల్లలకు చూపాలంటే చెట్టు పీకనక్కరలేదు. చుక్కలున్న ముదురు ఆకు కొస వేలెడు తుంచి, చుక్కల వైపు కిందికి ఉండేలా తెల్లకాగితంపై పరచి, గాలి తగలకుండా రాత్రంతా ఉంచాలి. చుక్కలు పక్వానికి వచ్చినవైతే, తెల్లవారి ఆకు తీసేసరికి దాని ఆకారం కాగితంపై పొడితో అచ్చు పడి ఉంటుంది.