పగటి నిద్రకు కాపలా

పగటిపూట పడుకునేవాడి గురించి మన భాషలో ఒక్క మంచిమాట లేదు. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి గనుక, ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను. బారెడు పొద్దెక్కినా లేవనివాడు సోమరిపోతు. మధ్యాహ్నం గుర్రు పెట్టేవాడు కుంభకర్ణుడు. రాత్రంతా మేలుకుని లోకానికి పనిచేసి, తెల్లవారాక మంచమెక్కేవాడికి విడిగా ఒక పేరు పెట్టాలని మన పెద్దలకు తోచలేదు. వాళ్లకు తెలిసిన రాత్రి ఉద్యోగులు తలారీ, దొంగా ఇద్దరే కాబోలు!

ఇప్పుడలా కాదు. మా మదనపల్లెలో టమోటా కాలం వచ్చిందంటే రాత్రివేళ లారీలు నింపే హమాలీలున్నారు. ఊరికి దగ్గర్లోనే, క్షయరోగుల కోసం 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరం శానిటోరియం ఉన్నది. అంటే రాత్రిళ్లు రోగుల పక్కన మేలుకునే నర్సులు ఈ ప్రాంతానికి నూరేళ్ల పైబడి తెలుసునన్నమాట. మా శ్రీమతి కూడా నర్సే, వేరొక ఆస్పత్రిలో. నెలకొక వారం నైట్ డ్యూటీ. ఆ వారం మా ఇంట్లో గడియారం తలకిందులుగా నడుస్తుంది.

ఎనిమిదిన్నరకు ఇల్లు చేరుతుంది. తొమ్మిదింటికి పడుకుంటుంది. తొమ్మిదిన్నరకు గ్యాసు బండ అతను, పదింటికి కొరియరు కుర్రాడు, పదకొండింటికి "ఆంటీ ఉందా?" అంటూ ఎదురింటి పాప. చివరకు ఒంటిగంటకు లేచి కూర్చుని, "నిద్ర తీరింది లెండి" అంటుంది. తీరలేదని కళ్లు చెబుతూనే ఉంటాయి. "ఇన్నేళ్లయింది కదా, ఇంకా అలవాటు పడలేదా?" అని అడిగే బంధువులున్నారు. అలవాటు కాకపోవడానికి తగిన కారణమే ఉన్నది.

మన మెదడులో, రెండు కళ్ల నరాలూ కలిసేచోటికి కొంచెం పైన, ఒక చిన్న గడియారం ఉన్నది. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో ఇటువంటి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారాన్ని సరిదిద్దేది వెలుతురు. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే ద్రవ్యం ఒంట్లో ఊరుతుంది. ఒంటి వేడి తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. నైట్ డ్యూటీవాళ్లకు ఆ వేళకే తల వాలిపోవడం ఇందువల్లనే. తీరా డ్యూటీ దిగి ఎండలో ఇంటికొస్తే, "తెల్లవారింది, ఇక లే!" అంటుంది ఆ గడియారం. పగటి నిద్ర రాత్రి నిద్రకంటే పొట్టిదీ, పలచనిదీ కావడం అందుకే. వారంపాటు దాంతో పోరాడి, సెలవునాడు మళ్లీ అందరిలాగా రాత్రి పడుకుంటే, ఇక అలవాటు పడేదెప్పుడు? అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ రాత్రి షిఫ్టుల పనిని కేన్సరుకు బహుశా కారణం కాగలవాటిలో చేర్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇది కాస్త నిద్ర చాలకపోవడమే కదా అని కొట్టిపారేసే సంగతి కాదని మాత్రం చెబుతున్నాను.

నైట్ డ్యూటీ పట్టణాల సొత్తే అనుకోవద్దు. పుంగనూరు దగ్గర మా బావ పట్టుపురుగులు పెంచుతాడు. పురుగు కుబుసం విడవడాన్ని మావైపు 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే దాని ఆకలికి అంతుండదు. బతుకు మొత్తం మీద తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి వారంలోనే తింటుంది. పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద వేసే రోజుల్లో రాత్రీ పగలూ తేడా లేదు. అయినా అక్కా బావా ఒక పద్ధతి పెట్టుకున్నారు. రాత్రి ఆకు అక్క వేస్తుంది, తెల్లవారుజాము ఆకు బావ వేస్తాడు. ఒకరు పడుకున్నప్పుడు రెండోవారు లేపరు. ఇల్లు మీద పడితే తప్ప!

కుప్పం పక్కన మా చిన్నాన్నకు ఆ అదృష్టం లేదు. ఆ అడవుల్లో ఏనుగులున్నాయి. కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. పంట చేతికొచ్చే వేళ రైతు మంచె మీద టార్చిలైటు పెట్టుకుని కాపలా ఉండవలసిందే. "ఏనుగొస్తే నిద్దర లేదబ్బోడా. రాకపోతే, వస్తాదేమోనని నిద్దర లేదు" అంటాడాయన. ఎప్పుడు పిలుపొస్తుందోనని చెవి తెరుచుకుని పడుకున్న నిద్ర, నిద్ర కాదు. పగలు తలుపు గంట కోసం ఎదురుచూస్తూ పడుకునే నర్సుదీ అదే అవస్థ.

మరి మార్గం? మా ఇంట్లో చేసేవి చెబుతాను. పడకగది కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టాం. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటుంది. బండి మాత్రం నేను నడుపుతాను, నిద్రకళ్లతో బండి తోలడం తాగి తోలడం లాంటిదే గనుక. అర్ధరాత్రి దాటాక కాఫీ మానేసింది. మూడింటికి తాగిన కాఫీ సత్తువలో సుమారు సగం ఎనిమిదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది మరి! డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం ఒక కునుకు తీస్తుంది. పగలు, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో షిఫ్టులు మారితే శరీరం కొంత నయంగా ఓర్చుకుంటుందని, తిరగేసి మారిస్తే కష్టమని నిపుణులు చెబుతారు. డ్యూటీ పట్టీ వేసే పెద్దలు ఇది గమనించాలి.

ఇవన్నీ చేసినా, వీధి సహకరించకపోతే వృథా. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు అడవిలో మేలుకుంటే, అయోధ్యలో ఊర్మిళ అన్నేళ్లూ నిద్రపోయిందని మన ఆడవాళ్లు పాట కట్టుకున్నారు. మనకా సౌకర్యం లేదు. ఒకరి నిద్ర ఇంకొకరు పోలేరు. కాని ఒకరి నిద్రకు ఇంకొకరు కాపలా కాయవచ్చు.

మా గేటుకు ఒక పలక వేలాడదీశాం: "నైట్ డ్యూటీ. రెండు గంటల దాకా పిలవవద్దు." మొదట్లో వీధివాళ్లు నవ్వారు. ఇప్పుడు కూరగాయల బండి అతను మా ఇంటి ముందుకు రాగానే మైకు ఆపేసి, నాలుగిళ్లు దాటాక మళ్లీ మొదలుపెడుతున్నాడు.