మిరపతోటకు వచ్చు ఎండు తెగులు

కువైటు దేశమున వఫ్రాలోను, అబ్దలీలోను తోటపని చేయు మనవారికిని, ఇంటికడ మిరప వేసికొను వారి కుటుంబములకును ఈ తెగులు క్రొత్తది కాదు. మధ్యాహ్నమున ఆకులు వ్రేలాడును. సాయంకాలమునకు మరల లేచును. కొన్నిదినములకు ఇక లేవవు. నీరు చాలలేదని తలచి తోటవాడు మరింత నీరు పెట్టును. దానివలన తెగులే బలపడును. అప్పుచేసి నాటిన పంట యిట్లు చేతికి రాకయే పోవుచున్నది.

దీనికి కారణము ఫ్యుజేరియమను బూజు. ఇది నేలనుండి వేళ్లలో దూరి, నీరు పైకెక్కు నాళములను మూసివేయును. కాండమును నిలువున చీల్చినచో గోధుమవన్నె చార కనబడును. కోసిన కాండపు ముక్కను గాజుగ్లాసులోని నీటియందు నిలిపినప్పుడు పాలవంటి ధార దిగెనేని అది బాక్టీరియా తెగులు. ఇచట చెప్పబోవునది దానికి మందు కాదు.

ట్రైకోడెర్మా యనునదియు బూజే. కాని మనకు మేలుచేయునది. ఇది తోడి బూజులను చుట్టుకొని తినివేయునని వైండ్లింగను శాస్త్రజ్ఞుడు 1932లోనే వ్రాసెను. మన ఆంధ్రదేశపు రైతులు దీనినిట్లు పెంచుదురు: బాగుగా చివికిన పశువులయెరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీడలో కుప్పవేసి, తడి ఆరకుండ గోనెపట్టాలు కప్పుదురు. పది పదునైదు దినములకు కుప్పపై తెల్లగాను, పిదప పచ్చగాను బూజు పట్టును. అప్పుడు దానిని మొక్కల మొదళ్లకు వేయుదురు.

కువైటు ఇసుకలో చివికిన పదార్థము మిక్కిలి తక్కువ. ఎరువు లేక వట్టి పొడి చల్లినచో ఆ బూజునకు ఆహారమెక్కడిది? అది డబ్బు పారవేయుటయే. ఎండయు దానికి శత్రువు. 2016 జూలైలో అచటి మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదయ్యెను. అంతటి యెండను మనము పనికి పెట్టుకొనవచ్చును: వేసవిలో ఖాళీమడిని బాగుగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను అంచులు మట్టితో మూసి, నాలుగు నుండి ఆరు వారములు పరచియుంచిన, పైమట్టిలోని చెడుబూజు చాలవరకు చచ్చును. వేడి తగ్గిన పిమ్మట ట్రైకోడెర్మా యెరువు వేసి నాటవలెను.

ఎండిన మొక్క యే మందుచేతను బ్రదుకదు. దానిని వేళ్లతో పెరికి కాల్చుడు; ప్రక్క మొక్కలకు ఎరువు వేయుడు. రసాయనపు బూజుమందులు మేలుబూజును గూడ చంపును గనుక రెంటికిని పదునైదు దినములైనను ఎడము ఉండవలెను. చవుకగా దొరికెనని గడువు తీరిన పొట్లము కొనువారు కలరు. కొనునప్పుడు తేదీ చూడుడు. తెచ్చినదానిని రేకులషెడ్డులో గాక చల్లనిచోట నుంచుడు.