బండి లేపితే బ్రేక్ హోస్ ఎంత పెరగాలి?

బార్కస్ నుంచి పహాడీ షరీఫ్ మీదుగా వెళ్తే శ్రీశైలం హైవే. మన్ననూరు దాటాక నల్లమల ఘాట్, దోమలపెంట తర్వాత డ్యాం దాకా వంకర మలుపుల దిగుడు. ఎత్తు పెంచిన జీపుతోనో థార్‌తోనో ఆ దారి పట్టాలని సరదాపడేవాళ్లు లిఫ్ట్ కిట్ ఎన్ని అంగుళాలు, టైరు ఎంత సైజు అని ఆరా తీస్తారు. చక్రం దగ్గర వేలాడే జానెడు రబ్బరు హోస్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొదట టేపు పెట్టి కొలవాల్సింది దాన్నే.

చాసిస్ వెంట వచ్చే బ్రేక్ లైన్ ఉక్కు గొట్టం. సాధారణంగా 4.75 మిల్లీమీటర్ల వ్యాసం, క్లిప్పులతో బిగించి ఉంటుంది, కదలదు. చక్రం మాత్రం గుంటకో గుట్టకో కిందికీ పైకీ ఆడుతుంది. ఆ రెండింటినీ కలిపేదే హోస్.

ఒక లెక్క వేసుకుందాం. నేల మీద నిలిచిన బండిలో హోస్ రెండు కొనల మధ్య దూరం 260 మి.మీ., హోస్ పొడవు 340 అనుకోండి. వదులు 80. చక్రం 70 మి.మీ. కిందికి వేలాడినా ఇంకా 10 మిగులుతుంది. ఇప్పుడు 2 అంగుళాలు, అంటే 51 మి.మీ. లేపాం. కొనల మధ్య దూరం 311 అయింది. షెడ్డులో చూస్తే హోస్ ఇంకా వదులుగానే ఉంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే బండి గుంటలో దిగి చక్రం మరో 70 జారిందా, కావాల్సింది 381. హోస్ 41 మి.మీ. చాలలేదు. ఆ క్షణంలో యాక్సిల్ బరువు హోస్ మీద పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రిజిడ్ యాక్సిల్ బండికి పాత షాక్ అబ్జార్బర్లే ఉంచి, స్ప్రింగ్ కింద స్పేసర్ మాత్రమే పెడితే చక్రం వేలాడే హద్దును పాత షాకే ఆపుతుంది. అప్పుడు పాత హోసే సరిపోవచ్చు. పొడవాటి షాకులు వేసినప్పుడే ఈ లెక్క తప్పదు. అందుకే చాసిస్‌ను స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు పూర్తిగా వేలాడేటప్పుడు, స్టీరింగ్ ఈ చివరా ఆ చివరా తిప్పి కొలవాలి. పై ఉదాహరణలో 381కి ఇంకో 25 వదులు కలిపితే 406, అంటే సరిగ్గా 16 అంగుళాల హోస్. మరీ పొడవైనా ముప్పే. సస్పెన్షన్ అణిగినప్పుడు మడతపడి టైరుకు రాసుకుంటుంది.

కొద్ది ఎత్తుకు హోస్ పై కొన బిగించిన బ్రాకెట్‌ను కిందికి దించినా సరిపోతుంది. ఉక్కు గొట్టాన్ని కోసి, నడుమ నట్టూ ఫెర్రూలూ పెట్టి అతికించడం మాత్రం వద్దే వద్దు. టైరులో గాలి 32 పీఎస్ఐ. గట్టిగా తొక్కితే బ్రేక్ లైన్‌లో ఒత్తిడి 1,000 దాటుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం సన్నని హోస్ 7,000 పీఎస్ఐ లోపు పగలకూడదు, మెల్లగా లాగితే 325 పౌండ్ల, అంటే 147 కిలోల లాగుడుకు కొనలు ఊడకూడదు. మన దేశంలో ఐఎస్ 7079 చూసి కొనాలి. బేరం ఆడాల్సిన చోటు కాదిది. హోస్ కొనను బిగించే బాంజో బోల్టు విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేయించండి.

హోస్ సరిపోయినా బ్రేక్ పాత బ్రేక్ కాదు. థార్‌కు కంపెనీ వేసే 255/65 ఆర్18 టైరు వ్యాసం 789 మి.మీ., అంటే 31 అంగుళాలు. 33 అంగుళాలది వేస్తే 838. అంతే తొక్కుడుకు రోడ్డు మీద పడే పట్టు దాదాపు 6 శాతం తగ్గుతుంది. కొన్ని యుటిలిటీ బండ్లలో వెనుక యాక్సిల్‌కు కడ్డీతో కలిపిన వాల్వ్ ఉంటుంది. లోడుకు బండి కుంగితే అది వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, బండి లేస్తే తగ్గిస్తుంది. లిఫ్ట్ చేసిన బండిని అది ఎప్పుడూ ఖాళీ బండిగానే లెక్కేస్తుంది. ఆ కడ్డీని సర్దకపోతే వెనుక బ్రేకు సగం పనే చేస్తుందని కొందరు మెకానిక్‌లకూ తట్టదు.

ఘాట్ దిగుడులో ఇదంతా బయటపడుతుంది. 2,000 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే 6 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి పుడుతుంది. గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపకపోతే అందులో ఎక్కువ భాగం బ్రేకుల మీదే. కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చి నీటిశాతం 3.7కి చేరితే 155కే మరగొచ్చు. మరిగిందంటే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. హోస్ మార్చిన రోజే ఫ్లూయిడ్ మొత్తం మార్చి గాలి తీయించాలి. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరితే స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి.

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. అరిగిన హోస్‌ను అదే కొలతది వేయించుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. లిఫ్ట్ లేని బండివాళ్లు కూడా కొన దగ్గర హోస్‌ను వేళ్లతో వంచి చూడండి. వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టండి. ఇంకొకరు ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి. కొంతదూరం తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి తుడిచి, తడి లేదంటేనే బండి ఘాట్ ఎక్కించండి.